టార్పాలిన్ కింద కాఫీ

సింగన్న గురువుగారికి ఒక అలవాటుంది. ఎవరేమడిగినా వెంటనే జవాబు చెప్పరు. అడిగినవాడికి ముందు ఓ పని పురమాయిస్తారు. ఆ పని పూర్తయ్యేసరికి సగంమంది తమ ప్రశ్నే మరిచిపోతారు, తక్కిన సగం ఊరే వదిలిపోతారు. అలా ఖాళీ అయిన ఊళ్ళు మన్యంలో నాకు తెలిసే మూడున్నాయి.

ఆయనకి అప్పలకొండ అని ఒక శిష్యుడు. నలభై ఏళ్ళవాడు. ఫోన్లోంచి కళ్ళెత్తితే ఆకాశంలోకి, ఆకాశంలోంచి దించితే ఫోన్లోకి. మధ్యలో భూమ్మీద వాడి చూపు ఆగగా చూసినవాళ్ళు లేరు. ఒకనాడు వాడు అడిగాడు:

“గురువుగారూ, విమానాలు పోయినచోట ఆ తెల్లటి చారలేమిటి? మన మీద విషం చల్లుతున్నారని లోకమంతా అంటోంది. మీరు మాత్రం మాట్లాడరేం?”

అడిగి ఊరుకున్నా బాగుండేది. వాళ్ళ ఊళ్ళోనే గంగులమ్మ అనే ఆవిడ కళ్ళంలో కాఫీ పళ్ళు ఆరబోసుకుంది. వానలు రాకముందు ఇంటిమీద చిల్లుల రేకులు మార్చుకోవాలంటే ఆ పన్నెండు గంపల పంటే ఆధారం. సాయంత్రం మంచు పడకుండా పళ్ళమీద టార్పాలిన్ కప్పి, పొద్దున్నే తీసేయడం అక్కడి పద్ధతి. అప్పలకొండ తీయనివ్వలేదు. పైనుంచి విషం పడుతుందని బెదరగొట్టి, నాలుగు రోజులుగా పట్టపగలు కూడా కప్పించే ఉంచాడు.

గురువుగారు అంతా విని, “రేపు తెల్లారేసరికి ఊరందరినీ కళ్ళం దగ్గరికి పిలువు. ఈ మాటే విడమర్చి చెప్పు,” అన్నారు.

ఆ తెల్లవారుజామున చలి ఎంతటిదంటే, కోడి కూసిన కూత గాల్లోనే గడ్డకట్టి, ఎండెక్కాక తొమ్మిదింటికి కరిగి వినపడింది. అప్పలకొండ మంకీ టోపీ పెట్టుకుని, రాయెక్కి మొదలుపెట్టాడు. ఒక్కో మాటకీ వాడి నోట్లోంచి మూరెడు తెల్లటి పొగ. ‘విషం’ అన్నప్పుడల్లా బారెడు. కాసేపటికి ముందు వరస జనం వెనక వరసకి కనపడకుండా పోయారు.

గురువుగారు లేచారు. “గంగులమ్మా, ఆ టార్పాలిన్ ఇలా లాక్కురా. ఇతని నోటికి కప్పుదాం. చంటిపిల్లలున్నారు.”

జనం రెండడుగులు వెనక్కి జరిగారు. అప్పలకొండ చిన్నబుచ్చుకున్నాడు.

“ఇది నా ఊపిరండీ. లోపల వెచ్చగా ఉంటుంది, బయటికొచ్చి చలికి తెల్లబడింది.”

“చలికేనా?”

“చలికే.”

“మరి విమానం తిరిగేచోట ఉక్కపోస్తుందా?”

అప్పలకొండ నోరు మూసుకున్నాడు. పొగ ముక్కులోంచి వచ్చింది.

ఈలోగా గంగులమ్మ టార్పాలిన్ లాగనే లాగింది. గుప్పుమన్న ఆ వాసనకి పక్క కొండమీది మేకలు పిల్లాజెల్లాతో ఒడిశా వలసపోయాయి. ఎర్రగా నిగనిగలాడాల్సిన పళ్ళమీద తెల్లగా బూజు.

“ఇసం సంగతి తమరు తీరుబడిగా తేల్సుకోండి బావూ,” అంది గంగులమ్మ, చీర చెంగు బిగించి. “నాలుగు దినాలైంది ఈటికి ఎండ మొగం సూపించి. నా పళ్ళు నాను ఆరబోసుకుంతాను.”

ఆవిడ వంగగానే ఊరంతా వంగింది. బూజు పట్టినవి ఏరి పారబోస్తే మూడు గంపలు పోయాయి, తొమ్మిది దక్కాయి. పొద్దెక్కేసరికి ఎండ కళ్ళమంతా పరుచుకుంది. అప్పలకొండ ఒక్కడే ఖాళీ గంపతో గురువుగారి పక్కన నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే నెత్తిమీద ఓ విమానం చార గీసుకుంటూ పోతోంది.

“అయితే దాంట్లో ఏమీ లేదంటారా?” అన్నాడు, మెల్లిగా.

“పైన ఏముందో నేను ఎక్కి చూడలేదు నాయనా,” అన్నారు గురువుగారు. “టార్పాలిన్ కింద ఏముందో నువ్వు వంగి చూడలేదు.”