ఎలీషా అడిగిన ప్రశ్న

విశాఖపట్నంలో సముద్రం ఒడ్డున ఉన్న ఒక పాత క్లబ్బులో కృపానందం అనే శాక్సఫోన్ వాద్యకారుడు ఉండేవాడు. విద్యకు లోటు లేదు గానీ, ఆయన ఎప్పుడో అయిపోయిన ఒక్క సాయంత్రంలోనే కాపురం ఉండేవాడు.

వారంలో ఆరు రోజులు ఆయన రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమస్తా. ఆదివారం సాయంత్రం ఐదు గంటలకు మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని క్లబ్బు హాల్లో జాజ్ వాయించేవాడు. జట్టులో ఉన్నది ముగ్గురే. పియానో మీద ఆయన ప్రాణస్నేహితుడు ఎలీషా, డ్రమ్స్ మీద అప్పలకొండ.

జాజ్ సంగీతంలో ఒక ముచ్చటైన పద్ధతి ఉంది. పాట నడుస్తుండగా మధ్యలో వాద్యకారులు వంతులు వేసుకుంటారు. ఒకరు కాసేపు వాయించి, ప్రశ్న అడిగినట్టు ఆపుతారు. రెండోవారు సరిగ్గా అంతసేపే వాయించి జవాబు చెబుతారు. ప్రశ్న ఏమిటో ముందు తెలియదు. జవాబు కాగితం మీద రాసి ఉండదు. అప్పటికప్పుడు పుట్టాలి. పుట్టకపోతే నలుగురిలో తెల్లమొహం వెయ్యాలి. మజా అంతా అందులోనే ఉంది.

ఎలీషా గడుసు మనిషి. ఏ ప్రశ్నా నేరుగా అడిగేవాడు కాదు. బుద్ధిమంతుడిలా మొదలుపెట్టి, చివర కావాలని చిన్న తడబాటు పెట్టి, కృపానందం వైపు ఓరకంట చూసి నవ్వేవాడు. ఇప్పుడు చెప్పరా చూద్దాం అన్నట్టుండేది ఆ నవ్వు.

ఒక వానాకాలం ఆదివారం వాయిస్తుండగా కరెంటు పోయింది. కిటికీల్లోంచి సముద్రం హోరు, పైన రేకుల మీద వాన. హాల్లో ఉన్నది ముప్పై మంది. ఆ సాయంత్రం ఎలీషా ఆరుసార్లు అడిగాడు, కృపానందం ఆరుసార్లు జవాబు చెప్పాడు. అందులో ఒక్కటీ ఆయన అనుకుని వాయించింది కాదు. ఆఖరి జవాబు అయ్యాక జనం చప్పట్లు కొట్టడం కూడా మరిచిపోయారు. అప్పలకొండ బ్యాటరీల టేపురికార్డరు పెట్టి ఉంచడం వల్ల అదంతా ఒక క్యాసెట్టులోకి ఎక్కింది.

తర్వాత మూడు నెలలకు ఎలీషా జబ్బుపడి చనిపోయాడు.

కృపానందం ఆ క్యాసెట్టును ఇంట్లో బైబిలు పక్కన పెట్టుకున్నాడు. రోజూ డ్యూటీకి వెళ్ళే ముందు వినేవాడు. టేపు వదులైతే పెన్సిలు పెట్టి తిప్పుకునేవాడు. వినగా వినగా ఆ ఆరు జవాబులూ ఆయనకు కంఠతా వచ్చేశాయి. ఎక్కడ ఊపిరి తీసుకున్నదీ కూడా వచ్చేసింది. ఆయనకు పేరు మీద యావ లేదు. ఆయన కోరిక ఒక్కటే. ఎలీషా ఇంకొక్కసారి అడగాలి, తను ఇంకొక్కసారి చెప్పాలి. అది జరిగే పని కాదని ఆయనకు తెలుసు. తెలిసినా మనసు పీకుతూనే ఉండేది. ఆ పాత జవాబులు వాయిస్తున్నంతసేపూ ఎలీషా పక్కనే కూర్చున్నట్టుండేది. అందుకని ప్రతి ఆదివారం కళ్ళు మూసుకుని అవే వాయించేవాడు.

ఎలీషా స్థానంలోకి హెప్సిబా అనే అమ్మాయి వచ్చింది. బ్యాంకులో ఉద్యోగం చేసేది. చర్చిలో ఆర్గన్ వాయించేది. చురుకైన వేళ్ళు, ఊరుకోని బుద్ధి. వారం వారం ఒక కొత్త ప్రశ్న మోసుకొచ్చేది. కృపానందం ఆమె వంతు అయ్యేదాకా మర్యాదగా ఆగి, ఎలీషాకు చెప్పిన జవాబు ఊదేవాడు.

మొదట్లో జనం మెచ్చుకున్నారు. ఏళ్ళు గడిచేకొద్దీ కుర్చీలు ఖాళీ అవుతూ వచ్చాయి. ఒక రోజు సాధన మధ్యలో హెప్సిబా ఉండబట్టలేక అనేసింది.

"మాస్టారూ, నేనేం అడిగినా మీరు ఒకటే చెప్తున్నారండీ."

"బాగులేదా అమ్మా?" అన్నాడు కృపానందం.

"బాగుందండీ. నేను అడిగినదానికి కాదు, అంతే."

అప్పలకొండ డ్రమ్ము బిగిస్తూ తల ఊపాడు. "నాకెందుకులే అని ఊరుకున్నాను గానీ, పిల్ల చెప్పినమాటే నిజం మాస్టారూ. మీరు మాతోటి వాయించడం నేదు. మా మద్దిన కూకుని క్యాసెట్టుతోటి వాయిస్తన్నారు."

కృపానందానికి మనసు చివుక్కుమంది. "మీకేం తెలుసు ఎలీషా విలువ" అన్నాడు.

ఎలీషాతో పన్నెండేళ్ళు కలిసి వాయించిన అప్పలకొండ ఆ మాటకు తల దించుకున్నాడు. డ్రమ్ము బిగించుకుంటూ ఉండిపోయాడు.

ఇలా ఐదేళ్ళు గడిచాయి. ఒక డిసెంబరు నెలలో ఎలీషా భార్య సువార్తమ్మ దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. భర్త పోయాక ఆమె పార్వతీపురంలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయి, అక్కడే బడిలో పాఠాలు చెప్పుకుంటూ ఉండేది. 'వచ్చే ఆదివారం వస్తున్నాను కృపా. ఇన్నాళ్ళూ ఆ హాల్లో అడుగు పెట్టడానికి ధైర్యం చాలలేదు. ఇప్పుడు ఒకసారి వినాలని ఉంది' అని రాసింది.

కృపానందానికి కాళ్ళు నేల మీద నిలవలేదు. వదిన వస్తోంది. ఆమెకు ఆ వాన సాయంత్రాన్ని ఉన్నది ఉన్నట్టు తెచ్చి ఇవ్వాలనుకున్నాడు. కుర్చీలు ఆ రోజు ఎలా ఉన్నాయో అలా వేయించాడు. ఆనాటి నీలం చొక్కా పెట్టె అడుగు నుంచి తీశాడు. పొట్ట దగ్గర బొత్తాలు పట్టలేదు, అయినా తొడుక్కున్నాడు. లైట్లు తీసేయించాడు. వాన ఒక్కటే ఆయన మాట వినలేదు.

శనివారం హెప్సిబాకు క్యాసెట్టు ఇచ్చాడు. "రేపు ఒక్కరోజుకు నీ కొత్త ప్రశ్నలు కట్టిపెట్టు తల్లీ. ఎలీషా వాయించినట్టే వాయించు. వాడు అడిగిన ఆరు ప్రశ్నలూ ఇందులో ఉన్నాయి."

హెప్సిబా క్యాసెట్టును చేతిలో అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత, "అలాగే మాస్టారూ. కానీ నాకో మాటివ్వాలి. ఆఖరిసారి నేను అడిగేటప్పుడు కళ్ళు తెరిచి ఒక్కసారి నా వైపు చూడండి" అంది.

"అలాగేలే" అన్నాడు కృపానందం. ఆ మాట ఆయన చెవిన పడిందే గానీ తలకెక్కలేదు.

ఆదివారం సువార్తమ్మ వచ్చి ముందు వరసలో కూర్చుంది. తెల్లచీర, ఒళ్ళో చేతిసంచి. జుట్టు బాగా నెరిసింది. కృపానందం ఆమెకు తల వంచి నమస్కరించాడు. కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు.

హెప్సిబా మాట నిలబెట్టుకుంది. మొదటి ప్రశ్న క్యాసెట్టులోదే. జవాబూ క్యాసెట్టులోదే. రెండోదీ అంతే, మూడోదీ అంతే. ఐదో జవాబు అయ్యేసరికి కృపానందానికి తన వయసు ఐదేళ్ళు వెనక్కి వెళ్ళినట్టనిపించింది. ఇంకొకటి. ఇంకొక్కటి వాయిస్తే ఆ సాయంత్రం మొత్తం వదిన ఒళ్ళో పెట్టినట్టే.

ఆరోసారి పియానో వేరే దారి పట్టింది. ఎవరినో వెతుక్కుంటున్నట్టు నెమ్మదిగా కదిలింది. బుద్ధిగా నడిచి నడిచి, చివర చిన్నగా తడబడి ఆగింది. అప్పలకొండ చేతుల్లో పుల్లలు కొట్టడం మానేశాయి. ముందు వరసలో కుర్చీ కిర్రుమంది.

అదంతా కృపానందం చెవికి తగిలింది. ఇదేమిటి, ఎక్కడో విన్నట్టుందే అని లోపల ఏదో కదిలింది. కళ్ళు తెరుద్దామా అనిపించింది. కానీ ఆయన వంతు వచ్చేసింది. ఆరో జవాబు పెదాల మీద సిద్ధంగా ఉంది. తెరిస్తే అది చెదిరిపోతుందని భయపడ్డాడు. కళ్ళు ఇంకాస్త గట్టిగా మూసుకుని ఊదాడు. ఒక్క స్వరం కూడా పొల్లు పోలేదు.

హాలంతా చప్పట్లు కొట్టారు. కళ్ళు తెరిచి చూస్తే సువార్తమ్మ లేచి నిలబడి ఉంది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. కృపానందం సంతోషంతో వేదిక మెట్లు దిగి ఆమె దగ్గరికి వెళ్ళాడు.

"ఎలా ఉంది వదినా? అచ్చం ఆ రోజులాగే లేదూ?"

"అచ్చం ఆ రోజులాగే ఉంది" అందామె. "ఆఖరిది విన్నావా కృపా?"

"నా జవాబేనా?"

"కాదు. నిన్ను అడిగినది."

కృపానందం తడుముకున్నాడు. "మన హెప్సిబా చివర ఏదో కొత్తది పెట్టింది వదినా. వద్దని చెప్పాను కూడా. నేను సరిగ్గా వినలేదు."

సువార్తమ్మ సంచిలోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసింది. మడతల దగ్గర కాగితం పచ్చబడి చిరుగు పట్టింది. అందులో ఆమె చేతిరాతతో ఒక స్వరాల వరస రాసి ఉంది.

"ఆస్పత్రిలో ఆఖరి వారం మీ అన్నయ్య మంచం ఊచ మీద వేళ్ళు ఆడిస్తూ ఉండేవారు. నోటితో సన్నగా పాడితే నేను రాసుకున్నాను. ఇది కృపాని అడగాల్సిన ప్రశ్న అన్నారు. కాగితం మీద మాత్రం చూపించకు, ముందే చూస్తే ఇంటి దగ్గర జవాబు వండుకుని వస్తాడు, ఎవరి చేతనైనా వాయించి అడిగించు అన్నారు. అలా అడిగేవాళ్ళు నాకు ఇన్నాళ్ళూ కనబడలేదు. మొన్న కోత పండుగకి హెప్సిబా మా చర్చికి వచ్చి ఆర్గన్ వాయించింది. ఆ వేళ్ళలో గడుసుదనం చూసి, నీతోనే వాయిస్తోందని తెలిసి, దీన్ని ఆమె చేతిలో పెట్టాను."

 కృపానందం కాగితం వైపు చూశాడు, పియానో వైపు చూశాడు. పక్కనే ఉన్న కుర్చీలో కూలబడిపోయాడు.

"హెప్సీ" అన్నాడు చివరికి, "ఇంకొక్కసారి వాయించమ్మా."

హెప్సిబా వాయించింది. ఈసారి ఆయన కళ్ళు తెరిచే ఉన్నాడు. ప్రతి స్వరం విన్నాడు. చివర ఆ తడబాటు వచ్చినప్పుడు, ఓరకంటి చూపూ ఆ నవ్వూ కళ్ళ ముందు నిలిచాయి. శాక్సఫోన్ ఎత్తాడు. పెదాల దగ్గర పెట్టుకున్నాడు. ఊపిరి వచ్చింది గానీ స్వరం రాలేదు. ఆ ప్రశ్న ఇప్పుడు తెలిసిపోయింది. అది ఎవరిదో తెలిసిపోయింది. అప్పటికప్పుడు చెప్పాల్సిన జవాబు కాస్తా ఆలోచించి చెప్పే జవాబైపోయింది. ఆయన శాక్సఫోన్ ఒళ్ళోకి దించుకుని, నలుగురూ చూస్తున్నారని కూడా లేకుండా ఏడ్చేశాడు.

"వాడు వచ్చాడు వదినా" అన్నాడు. "ఐదేళ్ళుగా ఎవరి కోసం కొట్టుకుపోతున్నానో వాడే వచ్చి నన్ను అడిగాడు. నేను వాడినే తలుచుకుంటూ వాడి మాట వినలేదు."

సువార్తమ్మ ఆయన భుజం మీద చెయ్యి వేసింది. "ఆయనకి ఇది కొత్త కాదులే. నువ్వు పరధ్యానంలో ఉన్నప్పుడల్లా కోప్పడకుండా ఇంకో ప్రశ్న వేసేవారు. ఇప్పుడు ఆయన లేరు. అడిగే మనిషి నీ ఎదురుగానే ఉంది" అంది.

సువార్తమ్మ ఊరు వెళ్ళేటప్పుడు కృపానందం ఆ క్యాసెట్టు ఆమె చేతికే ఇచ్చాడు. స్టేషన్లో రైలు కదిలేదాకా ఆయన చూపు ఆ చేతిసంచి మీదే ఉంది.

తర్వాతి ఆదివారం హాల్లో పదకొండు మంది ఉన్నారు. ఉప్పుగాలికి పియానోలో ఒక మెట్టు బిగుసుకుపోయింది, నొక్కితే టక్కుమనడమే గానీ పలకదు. హెప్సిబా దాన్ని దాచలేదు. ఆ టక్కుటక్కును మధ్యలో పెట్టి కుంటుతున్నట్టు ఒక ప్రశ్న అడిగింది. కృపానందం కళ్ళు తెరిచి ఆమె వేళ్ళ వైపు చూశాడు. పాత జవాబు పెదాల మీదకు రానే వచ్చింది. గుటక వేసి దాన్ని లోపలికి మింగేశాడు. ఏం వాయించాలో తెలియలేదు.  తర్వాత ఊదకుండానే శాక్సఫోన్ మీటను టక్కుమని నొక్కాడు, మళ్ళీ నొక్కాడు, మూడోసారికి దాని వెనకే ఒక బొంగురు స్వరాన్ని వదిలాడు.

హెప్సిబా వాయిస్తూనే పైకి నవ్వేసింది. అప్పలకొండ కర్రలు ఆ టక్కుటక్కును అందుకున్నాయి. "ఇదిగో, ఇప్పుడొచ్చారు మాస్టారు" అన్నాడు.

ఆ జవాబు క్యాసెట్టులో ఉన్న ఆరింటిలో ఏ ఒక్కదానికీ సాటి రాదు. ఆ సంగతి కృపానందానికీ తెలుసు. కానీ ఐదేళ్ళ తర్వాత మొదటిసారి తన వాద్యంలోంచి తనకే తెలియని స్వరం వచ్చింది. ఎలీషా వింటే ఏమనేవాడో అనుకున్నాడు. గుండెలో ఆ లోటు అలాగే ఉంది, ఇక ముందూ ఉంటుంది. అంతలో హెప్సిబా రెండో ప్రశ్న మొదలుపెట్టింది. ఆయన చెవి అటు ఒగ్గాడు.

గడిచిపోయిన క్షణం ఎంత గొప్పదైనా దాన్నే పట్టుకు వేలాడేవాడు, తను ఎదురు చూస్తున్నదే ఎదురుగా వచ్చి పిలిచినా వినలేడు. కాబట్టి కళాకారుడైనా, మామూలు మనిషైనా, ఈ క్షణం తనను ఏమడుగుతోందో ముందు వినాలి, ఆ తర్వాతే జవాబు చెప్పాలి.