నీళ్లు పంపి చూడు

ఏసుపాదం చేసిన ప్రోటీన్ పారబోయాల్సిందేనని రిపోర్టు రాసింది నేనే.

పద్దెనిమిది నెలల కష్టం అతనిది. సీసాలో నూరు పాళ్లూ ఉందని కొలిచి పంపాడు. నా మెషిన్‌లో అరవై రెండే తేలింది. "నీ చేతిలోనే ఎక్కడో పోయింది," అని మొహమ్మీదే అనేశాను. పాపం, తల దించుకుని వెళ్లిపోయాడు. విశాఖపట్నంలో ఏ ల్యాబ్‌లో అడిగినా వారిజ లెక్కకు తిరుగులేదంటారని నా ధీమా. పొగరు అనండి, కాదనను.

నా పని వేరుచేయడం. జానెడు స్టీలు గొట్టం, లోపల పిండికన్నా సన్నటి పూసలు కూరి ఉంటాయి. దాన్నే కాలమ్ అంటాం. ఒక చివర ద్రవం పంపితే అందులోవి విడిపోయి, రెండో చివర ఒకదాని వెనక ఒకటి బయటికొస్తాయి. వచ్చిందల్లా తెర మీద గీతలో గుట్టలా లేస్తుంది, దాన్ని పీక్ అంటాం; ఎంత వస్తే అంత ఎత్తు. ఆ కాలమ్‌ని ఏరికోరి తెచ్చుకున్నదీ నేనే. వెంట్రుకవాసి తేడా ఉన్నా పట్టి విడదీస్తుంది.

రిపోర్టు పట్టుకుని అప్పలనరసయ్య మాస్టారి దగ్గరికి వెళ్లాను. ముప్పై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్న మనిషి, నాకు ఈ పని నేర్పిన గురువు. ఆయన సంతకం పెడితే ఏసుపాదం కష్టమంతా గంగపాలు. మాస్టారు కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివారు. ఎప్పుడూ అంతే, అక్షరం వదలరు.

"పీక్ అందంగా వచ్చిందమ్మా," అన్నారు.

"నా కాలమ్ అలాంటిది సార్!"

"అయితే ఇప్పుడు ఉత్త నీళ్లు పంపు."

"ఉత్త నీళ్లలో ఏముంటుంది సార్?"

"ఏటుంటదో చూద్దాంలే."

నవ్వు ఆపుకుంటూ పంపాను. మాస్టారు నా పక్కనే స్టూలు లాక్కుని కూర్చున్నారు. పద్నాలుగో నిమిషంలో, సరిగ్గా ఏసుపాదం ప్రోటీన్ వచ్చే చోటే, గీత లేచింది.

"ఇంకోసారి పంపు."

మళ్లీ లేచింది. మూడోసారీ లేచింది, కాస్త పొట్టిగా.

ఉత్త నీళ్లలోకి ప్రోటీన్ ఎక్కణ్ణుంచి వస్తుంది? నా కాలమ్ కడుపులోంచే! స్టీలు గోడకీ పూసలకీ అంటుకుపోయి కూర్చుంది. నా కాలమ్ మింగినదాన్ని అతను పోగొట్టాడన్నాను. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

మాస్టారు రిపోర్టు మడిచి నా చేతిలో పెట్టి టీ తాగడానికి వెళ్లిపోయారు. అంతకన్నా నాలుగు తిట్టినా బాగుండేది.

మర్నాడు పొద్దున్నే స్టోర్‌లో ఉన్న కాలమ్‌లన్నీ ముందేసుకుని కూర్చున్నాను. మా అమ్మమ్మ గుర్తొచ్చింది. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో చారు పెట్టనిచ్చేది కాదు. "ఆ గిన్నె ఊరుకోదే, పులుపు తగిలితే చాలు కలబడుతుంది," అనేది.

గట్టిగా పట్టుకునేవన్నీ పక్కన పెట్టేశాను. గొట్టం లోపలి గోడకి ప్లాస్టిక్ పూత వేసి, పూసల మీద అంటుకునే చోట్లన్నీ కప్పేసినది ఒకటి దొరికింది. ఏది పంపినా దాని జోలికి పోదు. విడదీయడంలో నా పాతదానంత మొనగాడు కాదు గానీ, ఈ ప్రోటీన్‌లో ఉన్న రెండు మలినాలకీ అది చాలు.

ఏసుపాదం ఇచ్చిన సీసాలోంచే మళ్లీ పంపాను. తొంభై ఏడు! కొత్త రిపోర్టు పట్టుకుని మెట్ల మీద పరుగెత్తాను.

మాస్టారు కాగితం అందుకున్నారు. దాన్ని చూడలేదు, నన్ను చూశారు.

"నీళ్లు?"

"పంపాను సార్. మూడుసార్లు. గీత కదిలితే ఒట్టు!"

ఆయన పెన్ను తీశారు. అక్షరం వదలని మనిషి, ఒక్క ముక్క కూడా చదవకుండా సంతకం పెట్టేశారు. ఆ రోజు నా కాళ్లు నేల మీద ఉంటేగా!

గుమ్మం దాటబోతుంటే వెనక నుంచి పిలిచారు.

"వారిజా, ఏసుపాదానికి నువ్వే చెప్పు."

చెప్పాను. ముందు నా తప్పు. ఆ తరువాతే తొంభై ఏడు.