ఫ్యూజు చోట బల్బు

నాగవేణి ముందు టీవీ వీపు విప్పుకుని పడుంది. ఫ్యూజు వేస్తుంది, స్విచ్చి నొక్కుతుంది, టప్పుమంటుంది. మళ్లీ వేస్తుంది, మళ్లీ అదే.

ఆమెకు తొందరగా ఉంది. ప్రొద్దుటూరులో రహమతుల్లా ఉస్తాద్ దగ్గర టీవీ రిపేరు పని నేర్చుకోవడానికి చేరి ఏడాది కావస్తోంది. అప్పుడే జమ్మలమడుగులో సొంత షాపుకు గది మాట్లాడుకుంది, పేరు బోర్డు కూడా రాయించేసుకుంది. ఉస్తాద్ సరేనంటే శుక్రవారమే తెరవాలి. ఆయనేమో "ఈ టీవీ ఒక్కటి నువ్వే చూడమ్మా, ఆనక మాట్లాడదాం" అని నమాజుకు వెళ్లాడు.

ఉస్తాద్ గురించి ఒక మాట చెప్పాలి. ఆయన ఎవరినీ పెద్దగా పొగిడేవాడు కాదు, తిట్టడం అసలే తెలియదు. చచ్చిన టీవీ ముందు కూర్చుంటే జ్వరం వచ్చిన పిల్లవాడి పక్కన కూర్చున్నట్టు కూర్చునేవాడు. అలాంటి మనిషి దగ్గర పనిచేస్తే ఎవరికైనా చేతుల వణుకు తగ్గుతుంది. నాగవేణికీ తగ్గింది. కాస్త ఎక్కువే తగ్గింది.

డబ్బాలో ఫ్యూజులు అయిపోయాయి. ఆమెకు ఒళ్లు మండింది. వైరు ముక్క ఒకటి ఒలిచి, రాగి పోగులు మెలేసి, ఫ్యూజు ఉండాల్సిన చోట అతికించేసింది. స్విచ్చి మీద వేలు పెట్టేసరికి ఉస్తాద్ లోపలికి వచ్చాడు.

"ఏమైందమ్మా?"

"ఎన్ని ఏసినా పోతాండాయి ఉస్తాద్. ఇప్పుడొచ్చేటివన్నీ నాసిరకం. అందుకే గట్టి తీగ ఏసినా. ఇదైతే పోదు."

ఉస్తాద్ ఆ తీగను చూశాడు. ప్లగ్గు పీకాడు. బోర్డులో మిగిలిన కరెంటు దించి, తీగను ఊడదీసి, దాని చోట రెండు వైర్లతో ఒక బల్బు తగిలించాడు. వందవాట్ల పాత బల్బు, హోల్డరు ఆయన చేతుల్లో పడి పడి నల్లబడింది. మళ్లీ ప్లగ్గు పెట్టాడు.

"ఇప్పుడు నొక్కు."

నొక్కింది. టీవీ పలకలేదు. బల్బు మాత్రం కళ్లు చెదిరేలా వెలిగింది. వెలుగుతూనే ఉంది.

"లోపల షార్టు ఉంది, లేకుంటే బల్బు ఇంత ఎలగదు" అంది నాగవేణి నెమ్మదిగా. "నా తీగ కరెంటును ఇంతకన్నా శానా పోనిచ్చేది."

ఉస్తాద్ టీవీ అంచు మీది దుమ్ము తుడుస్తూ అడిగాడు. "ఈ టీవీ తెచ్చినోళ్లింట్లో ఇది యాడుంటాదమ్మా?"

"సాలమ్మ జేజి మంచం తలకాడ ఉస్తాద్. ముసలామెకు పక్షవాతం కదా. పగలంతా ఇంట్లో ఎవురూ ఉండరు, తనేమో లేవలే..."

ఆ తీగతో టీవీ వేడెక్కి అంటుకుని ఉంటే? ఆమె బల్ల మీద పడి ఉన్న తీగ ముక్క వైపు చూడలేకపోయింది.

ఉస్తాద్ స్విచ్చి ఆపాడు. "ఫ్యూజు చేతకాక పోలేదమ్మా. దాని పని అది చేసే పోయింది" అని, గోడవారగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

నాగవేణి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. డయోడ్లు చూసింది, బాగున్నాయి. పెద్ద ట్రాన్సిస్టరును ఊడదీసి స్విచ్చి వేస్తే బల్బు ఒక్కసారి మెరిసి ఆరిపోయింది. వెలగని బల్బును చూసి మనిషి అంత సంతోషపడటం ఆ వీధిలో ఎవరూ చూసి ఉండరు. దాని పక్కనే తల ఉబ్బిన చిన్న కెపాసిటరు కూడా కనబడింది. రెండూ మార్చింది. మళ్లీ బల్బు మెరిసి, మసకబారింది. టీవీ మూలన ఎర్ర దీపం కళ్లు తెరిచింది.

బల్బు తీసేసి, పక్క షాపు నుంచి సరైన ఫ్యూజు తెచ్చి వేసింది. బొమ్మ వచ్చింది.

ఆమె మాత్రం తల ఎత్తలేదు. "ఉస్తాద్, షాపు ఇప్పుడే వద్దులే. ఇంకొన్నాళ్లు మీకాడే ఉంటా."

ఉస్తాద్ బల్బు హోల్డరుకు వైర్లు చుట్టాడు. ఎన్నో ఏళ్లుగా తన బల్ల దాటి ఎక్కడికీ పోని ఆ బల్బును ఆమె చేతిలో పెట్టాడు.

"శుక్రవారం నీ షాపులో ముందు దీన్ని తగిలించు" అన్నాడు. "పేరు బోర్డు ఆనక తగిలిద్దువు."