తాడు కట్టిన పడక

అనగనగా ఒక ఊరు. ఎంత అనగనగా అని అడక్కండి. మా అవ్వకి వాళ్ళ అవ్వ చెప్పేనాటికే ఇది పాత కథ. ఊరి పేరు ఎండగట్టు. పేరుకి తగ్గ ఊరే. ఏరు లేదు, కాలువ లేదు. బావిలో చేద వేస్తే నీళ్ళ చప్పుడు వినబడేలోపు ఒక కునుకు తీయొచ్చు. అలాంటి ఊళ్ళో పడవ చేసిన మనిషి కథ ఇది. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి.

ఆ ఊళ్ళో లింగాచారి అని పెద్ద వడ్రంగి ఉండేవాడు. ఆయన సాలలో పని నేర్చుకోవడానికి ఎక్కడెక్కడినుంచో వచ్చేవాళ్ళు. చివర్లో ప్రతివాడూ ఒంటిచేత్తో ఒక పరీక్ష పని చెయ్యాలి. ఏం చెయ్యాలో ఆచారి ఒక్కసారే చెప్తాడు. మళ్ళీ అడగకూడదు. పని చేసేచోట చుట్టూ తడికలు కట్టేస్తారు. పూర్తయ్యేదాకా ఆచారిగానీ తోటివాళ్ళుగానీ తొంగిచూడకూడదు. పని నచ్చితే ఆచారి తన చేత్తో ఒక ఉలి, ఒక బాడిస ఇస్తాడు. నచ్చకపోతే వచ్చిన దారే.

నేర్చుకునేవాళ్ళలో గవరయ్య ఒకడు. అతను నిన్నమొన్నటిదాకా మేకలు కాసుకున్నవాడు. తెగులొచ్చి మంద మొత్తం పోతే, నెరుస్తున్న తలతో వచ్చి పనిలో చేరాడు. ముందూ వెనకా ఎవరూ లేరు. మేకల్ని కట్టిన పలుపుతాడు ఒక్కటి మిగిలితే దాన్నే నడుముకి చుట్టుకు తిరిగేవాడు. ఈ పని చేతికి రాకపోతే అతనికి వేరే బతుకు లేదు.

ఆచారి నోట్లో ఎప్పుడూ తాంబూలమే. గవరయ్య వంతు వచ్చిన రోజు కూడా బుగ్గ నిండా ఉంది. ఆ బుగ్గతోనే చెప్పాడు.

"ఒరే గవరయ్యా, ఒక పడక చెయ్యి. మనిషి హాయిగా పట్టాలి. గట్టిగా ఉండాలి."

ఆయన అన్నది పడక. తమలపాకులు దాటుకుని గవరయ్య చెవిదాకా వచ్చేసరికి అది పడవ అయి కూర్చుంది.

గవరయ్య తెల్లబోయాడు. మళ్ళీ అడగకూడదు కదా. "అలాగేనండి" అన్నాడు.

ఆ పడక ఎవరికోసమో మీకు చెప్పాలి. ఆచారికి తల్లి ఉంది. పేరంటాలమ్మ. భర్త పోయిన నాటినుంచి ఆవిడకి నిద్ర లేదు. కన్ను మూస్తే ఎటో కొట్టుకుపోతున్నట్టు ఉంటుందట. ఉలిక్కిపడి లేచి కూర్చునేది. కొడుకు నులక మంచం అల్లించాడు. "ఇది కాదురా" అంది. పందిరి మంచం చేశాడు. "ఇదీ కాదురా" అంది. ఉయ్యాల బల్ల వేశాడు. అక్కడా అదే మాట. ఇంక తన చేతిలో ఏం లేదని ఆచారికి తెలిసిపోయింది. వేరే చెయ్యి పడితే ఏమైనా నిద్ర వస్తుందేమోనని, ఎవరికీ చెప్పకుండా గవరయ్యకి ఆ పని అప్పగించాడు.

గవరయ్య పడవ అన్నది పుట్టి బుద్ధెరిగి చూడలేదు. కనబడ్డవాళ్ళనల్లా అడిగాడు. కుండలు చేసే ఆయన్ని అడిగితే, "కాగుని నిలువునా కోస్తే వచ్చే సగం" అన్నాడు. గాడిద మీద ఉప్పు తెచ్చే ఆయన్ని అడిగితే, "చూశాను. దూరంనుంచి చింతకాయలా ఉంది" అన్నాడు. సగం కాగుకీ చింతకాయకీ మధ్య గవరయ్య బుర్ర గిర్రున తిరిగింది.

చివరికి సాల అరుగు మీద పేరంటాలమ్మ కూర్చుని ఉంటే, ఆవిడ దగ్గర చేరాడు.

"మామ్మా, మీరు ఎప్పుడైనా పడవ చూశారా?"

ఆవిడ అతన్ని పక్కన కూర్చోమంది. తర్వాత అంది. "మా నాన్న పడవలు చేసేవాడు నాయనా. పెద్ద ఏటి ఒడ్డున మా సాల. మా అమ్మ పోయాక నన్ను సగం చేసిన పడవలో పడుకోబెట్టి ఆయన పని చేసుకునేవాడు. ఈ ఊరికి కోడలిగా వచ్చాక ఆ మాట నన్ను అడిగినవాళ్ళే లేరు."

పరీక్ష పనిని ఆచారి చూడకూడదు, తోటివాళ్ళు చూడకూడదు. ఆచారి తల్లి చూడకూడదని ఎవరూ అనలేదు. మర్నాటినుంచి ఆవిడ తడిక పక్కకి జరిపి లోపలికి వచ్చి కూర్చునేది.

గవరయ్య అడుగు దూలం చెక్కాడు. "ముక్కు కాస్త పైకి ఉండాలి నాయనా. తల దించుకున్న పడవ మునుగుతుంది" అంది ఆవిడ. పక్క చెక్కలు వంచబోతే చిట్లిపోయాయి. "తడిపి నిప్పు సెగ చూపించు. తొందరపెట్టకు" అంది. చెక్కకీ చెక్కకీ మధ్య దూది కూరి, నూనెలో కాచిన గుగ్గిలం పూయించింది. చుక్క నీళ్ళు లేని ఊళ్ళో నీళ్ళు దూరకుండా గవరయ్య ఒళ్ళు వంచి పూశాడు. ఎందుకని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. కొడుక్కి ఇన్నాళ్ళకి తన పుట్టిల్లు గుర్తొచ్చిందనుకుంది ఆవిడ. పెద్దవాళ్ళకి తెలియదా అనుకున్నాడు అతను.

పని పూర్తయింది. తడికలు విప్పారు.

సాల సాలంతా పగలబడి నవ్వింది. "బావిలో దింపుతావా గవరయ్యా?" అన్నారు. "మేకల్ని ఎక్కిస్తావా?" అన్నారు. ఆచారి మాత్రం నవ్వలేదు. పక్కకి వెళ్ళి తాంబూలం ఊసి, నోరు కడుక్కుని వచ్చి ఇప్పుడు స్పష్టంగా చెప్పాడు.

"పడకరా గవరయ్యా. పడక. మా అమ్మ పడుకోవడానికి."

గవరయ్య చేతులు జోడించాడు. "చెక్కలు ఊడదీసి పడక చేస్తానండి" అన్నాడు.

"మేకుల బొక్కలున్న చెక్క మీద మా అమ్మని పడుకోబెట్టమంటావా? ఇంటికి వెళ్ళు."

ఇంటికి అంటే ఎక్కడికి? గవరయ్య తలవంచుకుని గుమ్మందాకా వెళ్ళాడు. అప్పుడు వెనకనుంచి పేరంటాలమ్మ గొంతు వినిపించింది.

"నాయనా, వచ్చి చెయ్యి పట్టుకో. ఎక్కాలి."

వెనక్కి వచ్చి చెయ్యి అందించాడు. ఆవిడ పడవలోకి దిగి కూర్చుంది. అడుగు గుండ్రం కదా, నేల మీద పడవ ఒక పక్కకి ఒరిగింది. గవరయ్య చెక్కముక్క పెట్టి ఆపబోయాడు.

"వద్దు. ఊగనీ" అంది. నడుం వాల్చింది. కళ్ళు మూసుకుంది. వెంటనే తెరిచింది.

"గవరా, తాడు కట్టావా?"

"నేల మీద ఉన్న పడవకి తాడెందుకు మామ్మా?"

"కట్టని పడవలో నిద్ర ఎలా పడుతుంది? మా నాన్న రోజూ తాడు కట్టి, కట్టానని చెప్పేవాడు."

గవరయ్య నడుముకున్న పలుపుతాడు విప్పాడు. ఒక కొస పడవ ముక్కుకీ, ఒక కొస సాల స్తంభానికీ కట్టాడు.

"కట్టాను మామ్మా. పడుకోండి."

పేరంటాలమ్మ నిద్రపోయింది. మిట్టమధ్యాహ్నం పోయిన నిద్ర మర్నాడు పొద్దెక్కేదాకా లేవలేదు. ఆ సాలలో ఉలి చప్పుడు లేదు, రంపం చప్పుడు లేదు. నవ్వినవాళ్ళంతా మునివేళ్ళ మీద నడిచారు. ఆచారి తల్లి పక్కనే గొంతుక్కూర్చుని ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి, తన ఉలి, తన బాడిస తెచ్చి గవరయ్య ఒళ్ళో పెట్టాడు. కొత్తవి కాదు, తన సొంతవే.

ఆనాటినుంచి రోజూ దీపాలవేళ అదే మాట. "గవరా, తాడు కట్టావా?" "కట్టాను మామ్మా. పడుకోండి." అలా ఎన్నో ఏళ్ళు హాయిగా నిద్రపోయింది ఆవిడ.

ఒకరోజు మాట మారింది. "గవరా, తాడు విప్పు నాయనా" అంది. గవరయ్య ఆచారి వంక చూశాడు. ఆచారి తలూపాడు. "ఎటు వెళ్తారు మామ్మా?" అని అడిగాడు గవరయ్య. "మా నాన్న సాలకి" అంది. అతను ముడి విప్పాడు. తాడు జారి నేల మీద పడేసరికి ఆవిడ వెళ్ళిపోయింది.

తర్వాత గవరయ్య ఊళ్ళో అందరికీ పడకలు చేశాడు. బాలింతలకి చేశాడు, రోగులకి చేశాడు, కొత్త దంపతులకి చేశాడు. ప్రతి పడకకీ తలవైపు తాడు కట్టుకునేందుకు ఒక బెజ్జం పెట్టాడు. ఎవరికి నిద్ర రాకపోయినా వెళ్ళి ముడి వేసి, "కట్టాను, పడుకో" అని చెప్పి వచ్చేవాడు. తనకి మాత్రం పడక చేసుకోలేదు. సాల మూల చాప మీదే పడుకునేవాడు.

ఒక పొద్దున అతను లేవలేదు. ఊరంతా కదిలి వచ్చింది. ఎత్తబోతే చాప రాలేదు. వంగి చూశారు. చాప కొసకి ఆ పాత పలుపుతాడు కట్టి ఉంది. రెండో కొస స్తంభానికి ఉంది. ఊరందరికీ తాడు కట్టిన మనిషి, తనకి కట్టేవాళ్ళు లేక తనే కట్టుకున్నాడు. తనకి తనే "కట్టాను, పడుకో" అని చెప్పుకున్నాడో ఏమో. అది చూసి ఊరు సిగ్గుతో చచ్చిపోయింది. ముడి విప్పడానికి మొదట ఎవరికీ చెయ్యి రాలేదు. చివరికి అందరూ కలిసి విప్పారు.

ఇప్పటికీ ఎండగట్టులో వడ్రంగులు పని చెప్పేముందు తాంబూలం ఊసి నోరు కడుక్కుంటారు. పడకని పడవ అనే అంటారు. "పడవెక్కండి" అంటే పిల్లలు నిద్రకి పరిగెడతారు. ఎవరైనా పోతే "తాడు విప్పారు" అంటారు.

ఇంకొకటి కూడా ఉంది. ఆ ఊళ్ళో ఒంటరిగా ఉండేవాళ్ళ గుమ్మం ముందు దీపాలవేళ ఎవరో ఒకరు ఆగుతారు. లోపలికి వెళ్ళరు. అరుగు దగ్గరే నిలబడి ఒక్క మాట అంటారు.

"కట్టాం. పడుకో."

లోపలినుంచి "ఊఁ" అని వినబడ్డాకే కదులుతారు. కథ ఇక్కడిదాకే. మీ వీధిలో ఎవరైనా ఒక్కరే ఉంటున్నారేమో చూసి, తర్వాత మీ పడవెక్కండి.