క్వార్టర్స్ వచ్చేదాకా

విజయనగరంలో గవరయ్యగారి తాలింఖానాలో గోదాలో నేర్పే పాఠం కన్నా, కుస్తీ అయ్యాక కుర్రాళ్లు ఒంటి మట్టి దులుపుకొనే వేళ జరిగే పాఠమే ఎక్కువ. ఎవరేం అడిగినా గురువుగారు అవుననీ కాదనీ అనేవారు కాదు. తనకు తెలిసిన మనిషి సంగతి ఒకటి చెప్పి ఊరుకునేవారు.

ఒక ఏడు భానోజీ అనే శిష్యుడికి వైమానిక దళంలో ఉద్యోగం వచ్చింది. చేరేముందు ఇరవై ఏళ్లు కొలువు చేస్తానని సంతకం పెట్టాలి. మొదట బ్యారక్‌లో నలుగురితో పాటు ఒక మంచం. పెళ్లయినవాళ్లకు క్వార్టర్స్ ఇస్తారు గాని వరుస వచ్చినప్పుడే. భానోజీకి అప్పటికే సంబంధం ఖాయమైంది. పెళ్లి చేసుకుని, క్వార్టర్స్ వచ్చేదాకా పిల్లను పుట్టింట్లోనే ఉంచుదామని అతని ఆలోచన. అది అతనికి పెద్ద విషయంగా తోచలేదు. అతన్ని పీడిస్తున్నది సంతకం.

"ఇరవై ఏళ్లు రాసిచ్చేశాక మనిషి దగ్గర ఇంకేం మిగులుతుంది గురువుగారూ?" అని అడిగాడు.

గవరయ్యగారు తువ్వాలు భుజాన వేసుకుని కూర్చుని, పైడిరాజు సంగతి చెప్పారు.

పైడిరాజు కూడా ఈ గోదాలో పెరిగినవాడే. విమానం ఇంజన్లు బాగుచేసే పనిలో చేరాడు. మేనమామ కూతురు కనకరత్నాన్ని పెళ్లాడాడు. పిల్లకు ఏ లోటూ రానివ్వనని మామకు మాటిచ్చాడు. అతని కొలువు పంజాబులో, ఆమె కాపురం పుట్టింట్లో. ఏడాదికోసారి సెలవు. రెండో ఏడు కనకరత్నం తమ్ముణ్ణి తోడు తీసుకుని, చెప్పకుండా రైలెక్కి అంత దూరమూ వెళ్లింది. వైమానిక దళం స్టేషన్ గేటు బయట ఊళ్లో, తోటివాళ్లు కొందరు అనుమతి తీసుకుని అద్దెగదుల్లో కాపురాలు పెట్టి ఉన్నారు. పైడిరాజు ఆమెను వెంటబెట్టుకుని వెళ్లి ఆ గదులు చూపించాడు. చూస్తే తనే వద్దంటుందని అతని నమ్మకం. పైన రేకులు, లోపల ఒక్క గది, నీళ్లకు వీధి చివరిదాకా వెళ్లాలి.

ఆమె గుమ్మంలో నిలబడి లోపలికి చూసింది. "రేకుల గదైతే ఏటి బావా? సాయంత్రానికి నువ్వొస్తావు కదా" అంది.

అతను ఒప్పుకోలేదు. మామకిచ్చిన మాట ఉంది. వరుస దగ్గరకొచ్చింది, కొద్దికాలం ఓపిక పట్టమని బుజ్జగించి మళ్లీ రైలెక్కించాడు. ఆమె మరి ఆ మాట ఎత్తలేదు. వరుస నిజంగానే దగ్గరకొచ్చింది. అంతలో అస్సాముకు బదిలీ అయింది. అక్కడ వరుస ఇంకా పొడుగు. ఇందులో ఎవరూ ఎవరికీ అన్యాయం చెయ్యలేదు. ఏళ్లు మాత్రం గడిచిపోయాయి.

చివరికి కాశీ వైపు బదిలీ అయ్యాక క్వార్టర్స్ వచ్చాయి. రెండు గదులు, వంటిల్లు, ముందు పూలమొక్కలకు చోటు. ఆ మరుసటేడు గవరయ్యగారు కాశీ వెళ్లి వస్తూ రెండు రోజులు వాళ్లింట దిగారు. ఇల్లు అద్దంలా ఉంది. మొదటి సాయంత్రం కనకరత్నం ఆయనకు వడ్డించి, తనూ తిని, గిన్నెలు కడిగి, తలుపు గడియ వేసేసింది. కాసేపటికి పైడిరాజు డ్యూటీ నుంచి వచ్చి, పొరుగింటివాడిలా మెల్లగా తలుపు తట్టాడు. ఆమె తీసింది. ఆమెకు కోపం లేదు, అతనికీ లేదు. దీపాలవేళకు ఒంటరిగా తిని గడియ వేసుకోవడం ఆమెకు ఏళ్ల తరబడి అలవాటు. అతనేమో కంచం చేత్తో పట్టుకుని నాలుగు నిమిషాల్లో తిని, తెల్లవారుజామున డ్యూటీ ఉంటే ఆమెకు నిద్రాభంగమని వరండాలో పక్క వేసుకున్నాడు.

వెళ్లేనాడు గురువుగారిని రైలెక్కించడానికి పైడిరాజు వచ్చాడు. రైలు కూత పెట్టాక అన్నాడు. "రత్నం నన్ను బాగా చూసుకుంటుంది గురువుగారూ. చుట్టాన్ని చూసుకున్నట్టు."

ఇరవై ఏళ్లూ నిండాయి. ఇక ఇంటికి రావచ్చు. కాని పైడిరాజు ఇంకొన్నేళ్లు ఉంటానని తనే అడిగి ఉండిపోయాడు. కనకరత్నం ఊరికి తిరిగొచ్చి వేరే ఇల్లు తీసుకుని ఉంటోంది. అతను సెలవుకు వస్తాడు. వచ్చినన్నాళ్లూ ఇద్దరూ ఎంతో మర్యాదగా ఉంటారు.

గవరయ్యగారు అక్కడితో ఆపారు.

"అయితే సంతకం పెట్టడం తప్పంటారా?" అన్నాడు భానోజీ.

"సంతకం సంగతి నేనెక్కడ చెప్పాను?" అన్నారు గురువుగారు. తరువాత, పెళ్లయ్యాక ఎక్కడ ఉందామని ఆ పిల్ల అంటోందో కనుక్కున్నావా అని అడిగారు. ఇంకా లేదని, క్వార్టర్స్ రాకుండా అడిగి ఏం లాభమని భానోజీ నసిగాడు.

గురువుగారు లేచి తువ్వాలు దులుపుకున్నారు.

"పైడిరాజు కూడా అడగలేదు నాయనా. ఆ పిల్లే అంత దూరం వెళ్లి చెప్పింది."