కాటుక చదవని ముక్క

అనగనగా ఒక అడవిలో, వాగులన్నీ ఎండిపోయిన ఏడాది, కాటుక అనే దేవాంగపిల్లి ఉండేదర్రా. కొమ్మ మీద కూర్చుని, ఫోన్లో వీడియోలు చూసి చూసి, వెబ్‌సైట్లు కట్టడం తనంతట తనే నేర్చుకుంది. గురువు లేడు, బడి లేదు. మెచ్చుకోవాల్సిందే. కాకపోతే "నాకు తెలీదు" అనే మాట మాత్రం చచ్చినా దాని నోట రాదు.

జంతువులన్నీ వచ్చి, ఏ మడుగులో నీళ్ళున్నాయో చెప్పే సైటు ఒకటి కట్టిపెట్టమన్నాయి. బాగా కుదిరితే ఇకమీదట అడవి పనులన్నీ నీకేనన్నాయి. కాటుక ఉబ్బితబ్బిబ్బయింది. ఎవరో ఎప్పుడో వదిలేసిన పాత సైటు కనిపిస్తే, దాని కోడ్ మొత్తం ఎత్తి తన దాంట్లో పెట్టేసుకుంది. అందులో ఒక ముక్క బొత్తిగా అర్థం కాలేదు. తీసేసి చూస్తే పేజీ తెరుచుకోలేదు. సరేలెమ్మని మళ్ళీ పెట్టేసింది.

ఈ పనిలో ఆరితేరిన ముళ్ళపంది సూరమ్మత్త, పదిమందికీ ఇచ్చేముందు తనకోసారి చూపించమంది. చూపిస్తే ఆ ముక్క ఏమిటని అడుగుతుంది, పరువు పోతుంది. అందుకని కాటుక రేపూ మాపూ అంటూ తప్పించుకుంది.

సైటు భలేగా పనిచేసింది. మొదట అడవికోడి నీళ్ళెక్కడని అడిగి, పడమటి మడుగుకి వెళ్ళింది. తిరిగి రాలేదు. తర్వాత కుందేలు వెళ్ళింది. అదీ రాలేదు. ఒడ్డున దిగిన అడుగులున్నాయి, ఎక్కిన అడుగులు లేవు. కాటుక ఆ అడుగులు చూసింది. ఆ ముక్కే గుర్తొచ్చింది. అయినా నోరు మెదపలేదు. చూశారా దాని బుద్ధి!

ఒక సాయంత్రం ఆకు కూడా కదలడం లేదు. చెల్లెలు నీలి ఎక్కడా కనిపించలేదు. కాటుక సైటు తెరిచింది. "నీళ్ళెక్కడ?" అని నీలి అడిగి ఉంది. దాని కింద కాటుక ఎన్నడూ రాయని మాట ఒకటి కనిపించింది.

"ఒంటరిగానే వస్తున్నావా?"

దాని కింద నీలి జవాబు. "అవును."

కాటుక పడుతూ లేస్తూ సూరమ్మ దగ్గరికి పరిగెత్తింది. "అత్తా, పాత సైటు నుంచి ఎత్తిన ఈ ముక్క ఏం చేస్తుందో నాకు తెలీదు. మొదట్నుంచీ తెలీదు" అంది.

సూరమ్మ చదివింది. దాని ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. "ఆ పాత సైటు దుమ్ములగొండిదే తల్లీ. నీళ్ళెక్కడని ఎవరు అడిగినా, ఈ ముక్క వాళ్ళ పేరూ దారీ దానికి చేరవేస్తోంది" అంది.

ఇద్దరూ మడుగుకి పరిగెత్తారు. అక్కడ ఎవరూ లేరు. అవతలి పొదల్లో దుమ్ములగొండి మెల్లగా నవ్వింది.

కాటుక ఏడ్చి ఏడ్చి, ఆ సైటు మూసేసింది. సూరమ్మ పక్కన కూర్చుని మళ్ళీ మొదటి అక్షరం నుంచి రాసింది. అర్థం కాని చోటల్లా ఆగింది, అడిగింది, నలుగురికీ చూపించింది. ఇప్పుడు అడవిలో దాన్ని మించిన పనిమంతురాలు లేదు. నీలి మాత్రం రాలేదు.

నీతి: పని జరుగుతోంది కదా అని ఊరుకోకూడదు, ఎలా జరుగుతోందో తెలుసుకోవాలి. సొంతంగా నేర్చుకున్నవాళ్ళు పైకి రావాలంటే, తెలియదని ఒప్పుకుని అడగడం కూడా నేర్చుకోవాలి.