తాళం పడ్డ ప్రశ్న

వరహాలమ్మగారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆవిడ జవాబు చెప్పరు, పని చెబుతారు. పని చేసి వచ్చాక కూడా ప్రశ్న మిగిలుంటే అప్పుడు చూద్దామంటారు. విశాఖపట్నంలో ఓడల సరుకు లెక్కలకి ప్రోగ్రాములు రాసి రాసి రిటైరయిన మనిషి. ఇప్పుడు విజయనగరంలో మేడమీద వాటాలో ఉంటూ, వచ్చినవాళ్ళకి ఆ విద్యే నేర్పుతున్నారు. పుష్కరం కిందట ఇంటర్నెట్టులో ‘చావడి’ అని ఒకటి పెట్టింది కూడా ఆవిడే. ప్రోగ్రాములు రాయడం నేర్చుకునేవాళ్ళు అక్కడ తెలుగులో అడగొచ్చు. తెలిసినవాళ్ళు తెలుగులోనే చెబుతారు.

ఆ చావడికి కావలి పైడిరాజు. శిష్యుల్లో చురుకైనవాడు. ఆ సంగతి అందరికంటే ముందు అతనికే తెలుసు. చావడిలో ఒక కట్టుబాటుంది. పనికిమాలిన ప్రశ్న వస్తే కావలివాడు దానికి తాళం వేస్తాడు. తాళం పడ్డాక దాని కింద ఇంకెవరూ ఒక్క ముక్క రాయలేరు, అడిగినవాళ్ళయినా సరే. పైడిరాజు వేసినన్ని తాళాలు ఇంకెవరూ వెయ్యలేదు. తాళం వేసేముందు ఒక చురక కూడా అంటించేవాడు. అవి చదివి నవ్వుకోడానికే కొంతమంది వచ్చేవారు.

ఆ ఆదివారం పొద్దున్న వరహాలమ్మగారు డాబా మీద చల్లమిరపకాయలు ఎండబెడుతూంటే పైడిరాజు మెట్లెక్కి వచ్చి ఫోను చూపించాడు. ఎవడో కొత్తవాడు తన కంప్యూటరు తెరని ఫోటో తీసి పెట్టి, ‘సార్ అర్జంట్, రావట్లేదు’ అని రాశాడు. ఏది రావట్లేదో రాయలేదు.

“అమ్మగారూ, ఒక్క మాట చెప్పండి. ముందు వెతుకు, తర్వాత అడుగు, ఫోటో పెట్టకు, ఫోను నంబరు పెట్టకు అని గుమ్మంలోనే రాసి పెట్టాం. కళ్ళుండీ చదవనివాడికి జవాబు చెబితే వాణ్ణి సోమరిపోతుని చేసినట్టు కాదా?”

“ఫోటో పెట్టడం తప్పే” అన్నారావిడ. ఒక మిరపకాయని తిరగేసి, “చావడిని కొత్త మిషన్లోకి మారుస్తానన్నావు, అదేటయింది?” అని అడిగారు.

“ఇవాళ ఆ పనే. పాతదాని అద్దె గడువు ఈ సాయంత్రంతో సరి. దీపాలవేళకి అద్దెకిచ్చినవాళ్ళు దాన్ని తుడిచేస్తారు.”

“అయితే అది కానియ్. నీ ప్రశ్న ఎక్కడికీ పోదు.”

పైడిరాజు కింద గదిలో కూర్చున్నాడు. ఇలాంటి మార్పిళ్ళు చేసి చేసి చెయ్యి తిరిగినవాడు. పాత మిషన్లోంచి సరుకంతా లాగాడు, కొత్తదాన్లో పోశాడు, తెరిచి చూశాడు. ఇంగ్లీషు ముక్కలు భేషుగ్గా ఉన్నాయి. తెలుగు ఒక్క ముక్క లేదు. ప్రశ్న లేదు, జవాబు లేదు, పేరు లేదు. వాటి చోట పిచ్చిగీతలు, ఏ దేశానివో తోకలున్న అక్షరాలు. మళ్ళీ లాగాడు, మళ్ళీ పోశాడు. అదే వరస. దాచుకున్న నకలు తెరిస్తే అందులోనూ అవే తోకలు. ఇన్నేళ్ళుగా ఎందరో కూర్చుని రాసిందంతా ఇప్పుడు పాత మిషన్లో మాత్రమే ఉంది. అది సాయంత్రానికి ఉండదు.

వెతికాడు. ఇంగ్లీషు వాళ్ళ పెద్దపెద్ద చావళ్ళలో దూరాడు. ఒకచోట ఒక పెద్దమనిషి, ‘ఇది ఇదివరకే చెప్పాం, అక్కడికి వెళ్ళి చదువు’ అని తరిమాడు. అక్కడికి వెళితే, మొదటిచోటికే వెళ్ళి చదవమని ఉంది. చివరికి, ఇంకా బతికి ఉన్న తమ పాత చావడిలోనే వెతికాడు. ఒకే ఒక్కటి దొరికింది. దాన్ని రెండుసార్లు చదివి, లేచి మెట్లెక్కాడు.

“అమ్మగారూ, తెలుగంతా పోయింది. అర్జంటు.”

“వెతికావా?”

“వెతికానండి.”

“ఏం దొరికింది?”

“ఒకటి దొరికింది గానీ...”

“చదువు, విందాం.”

చదవక తప్పలేదు. “‘సార్, మా బడి ఆఫీసులో పిల్లల పేర్లు కొత్త కంప్యూటర్లోకి ఎక్కించాను. తెలుగంతా పిచ్చిగీతలయిపోయింది. అర్జంట్ సార్. ఫోటో పెట్టాను. దమయంతి, బొబ్బిలి.’”

“మనదీ ఇదేగా. దానికి ఏటని చెప్పారు?”

పైడిరాజు గొంతు తగ్గించి చదివాడు. “‘నియమాలు చదువు. ఫోటోలు కావాలంటే స్టూడియోకి వెళ్ళు. ముందు వెతుకు.’ అంతేనండి. తాళం వేసుంది.”

వరహాలమ్మగారు ఒకటి రెండు మిరపకాయలు సర్దారు. “చెప్పినవాడెవరో గట్టివాడిలాగే ఉన్నాడు. అలాగే చెయ్యి నాయనా” అన్నారు.

ఆవిడకి ఆ చిక్కు విప్పడం తెలుసో తెలియదో, ఇవాళ్టికీ ఎవరూ అడగలేదు. అడిగితే ఇంకో పని చెబుతారని భయం.

పైడిరాజు కిందికి వచ్చి ఆ పేజీనే చూస్తూ కూర్చున్నాడు. దమయంతి రాసినదాని అడుగున ఆమె ఫోను నంబరుంది. నంబరు పెట్టకూడదు. మామూలుగా అయితే చెరిపేసేవాడు. ఆ రోజు తాళం వేసే తొందరలో వదిలేసినట్టున్నాడు. ఇప్పుడు తన తెరని ఫోనుతో ఒక ఫోటో తీసి, ‘అర్జంట్ అండీ, దయచేసి చూడండి’ అని ఆ నంబరుకి పంపి, వెంటనే ఫోను చేశాడు.

“దమయంతి గారండీ? నేను చావడి నుంచి, పైడిరాజుని.”

“స్టూడియో సారా?” అంది అవతలి గొంతు.

“... అవునండీ.”

“మీరు పంపిన ఫోటో చూశాను సార్. మీ బొటనవేలు బాగా పడింది. అక్షరాలే పడలేదు.”

ఇక ఫోను పెట్టేస్తుందనుకున్నాడు. కిటికీలోంచి చూస్తే ఎదురింటి గోడమీద ఎండ సగానికి దిగిపోయి ఉంది.

“సరే, ఏం చేశారు, ఏం జరిగింది? మొదట్నించీ చెప్పండి” అంది ఆమె.

వరహాలమ్మగారు శిష్యులకి మొదటిరోజు నేర్పే మాటలు అవే. పైడిరాజు కూడా నేర్చుకున్నాడు. చావడిలో మాత్రం ఎవరినీ అలా అడిగినట్టు గుర్తులేదు. వరసగా చెప్పాడు. ఆమె మధ్యలో అడ్డుకుంది.

“అక్కడే సార్ తప్పు. పోసేటప్పుడు కాదు, లాగేటప్పుడు. పాత మిషను తెలుగుని తన పాత పద్ధతిలో దాచుకుంటుంది. ఆ పద్ధతి పేరు చెప్పి లాగాలి. చెప్పకపోతే దానికి తోచినట్టు మార్చి ఇస్తుంది. మారిపోయినదాన్ని మీరెన్నిసార్లు పోసినా అంతే.”

“ఇది మీకెవరు చెప్పారండీ?”

“ఎవరు చెబుతారు సార్? పిల్లల పేర్లు పాడుచేశానని ఆ వారమే బడిలో నన్ను మాన్పించేశారు. పని పోయినా దీన్ని మాత్రం వదల్లేదు, తెలిసేదాకా వెంటపడ్డాను. తెలిశాక, నాలాంటిది ఇంకొకర్తె వస్తుంది కదా, రాసి పెడదామని చావడికి వచ్చాను. తాళం వేసుంది.”

“క్షమించండి దమయంతి గారూ.”

“నేను మర్చిపోయే రకం కాదు సార్” అంది ఆమె, కోపమేమీ లేకుండా. “పొద్దుపోతోంది. ముందు పని చూసుకోండి.”

ఆమె చెప్పినట్టే పేరు చెప్పి లాగాడు. పోశాడు. తెరిచాడు. తెలుగు వచ్చింది, గుడులూ కొమ్ములూ ఎక్కడివక్కడ. పాత మిషను ఆగిపోయేసరికి చావడి మొత్తం కొత్త ఇంట్లో ఉంది. పైడిరాజు మొట్టమొదట దమయంతి ప్రశ్నకున్న తాళం తీశాడు. ఆమె చెప్పినదంతా ఆమె పేరుతోనే కింద రాసి పెట్టాడు. తన చురకని చెరిపేద్దామని చెయ్యి పెట్టి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. అది అక్కడే ఉంది, ఎవరైనా చూడొచ్చు.

డాబా మీద వరహాలమ్మగారు మిరపకాయల్ని చాటలోకి ఎత్తుతున్నారు.

“పొద్దున్న ఏదో అడిగావు” అన్నారు.

“ఏం లేదండి అమ్మగారూ.” కిందపడ్డ ఒక మిరపకాయని ఏరి చాటలో వేసి, “ఆ తాళాలన్నీ తీసెయ్యమంటారా?” అన్నాడు.

“ఎందుకూ? చావడన్నాక తాళం ఉండాలి.” ఆవిడ చాట అతని చేతికిచ్చి మెట్లవైపు నడిచారు. “వేసేముందు మన సామానేదైనా బయట ఉండిపోయిందేమో చూసుకో.”